సవరణ: అడవిదున్న గేదె జాతి కాదు

1963లో ప్రారంభమైన మన హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోని సఫారీ గురించి గతవారం రాసినప్పుడు రెండు పొరపాట్లు చేశాను. సొంత కారులో లోపలికి వెళ్లవచ్చన్నది తప్పు. ఆ ఆవరణల్లోకి సందర్శకులను తీసుకువెళ్లేది జూ వాహనమే.

రెండవది నన్ను ఎక్కువగా బాధించింది. అడవిదున్నను అడవి గేదెగా పరిచయం చేశాను. పేరులోనే ‘దున్న’ ఉండటంతో చాలామంది అలాగే అనుకుంటారు గానీ, గౌర్ అని కూడా పిలిచే ఈ జంతువు ఆవులు, ఎద్దుల ప్రజాతికి చెందినది. నల్లని ఒంటి కింద తెల్లని మేజోళ్లు తొడిగినట్లుండే కాళ్లను, భుజాల మీదుగా వీపు మధ్య వరకు ఎత్తుగా సాగే గట్టును గమనిస్తే గేదెతో తేడా స్పష్టమవుతుంది. ‘ఇండియన్ బైసన్’ అన్నది వాడుక పేరు మాత్రమే. అమెరికా బైసన్ వేరే జంతువు. పిల్లలకు నా వ్యాసం చదివి వినిపించినవారు దయచేసి ఈ సవరణనూ చెప్పగలరు.