తంజావూరులో రాయి బరువు చెబుతారు, మనుషుల పేర్లు చెప్పరు

తెలుగు రాష్ట్రాల నుంచి తమిళనాడు యాత్రకు కదిలే బస్సుల్లో తంజావూరుకు దక్కేది మహా అయితే ఒక పూట. శ్రీరంగంలోనో కుంభకోణంలోనో రాత్రి బస, తెల్లవారి టిఫిను, పెద్ద గుడి (బృహదీశ్వరాలయం) దర్శనం, ఒక బొమ్మల దుకాణం, ఆ వెంటనే మదురై దారి. చాలా తమిళ ఆలయాల్లాగే పెద్ద గుడినీ మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. అందువల్ల ఆ ఒక్క పూటను కూడా గడియారం తరుముతూనే ఉంటుంది. చెప్పుల స్టాండు దగ్గర పోగైన నలభై మందిని లోపలికి తీసుకువెళ్లి, ఊరి వెయ్యేళ్ల చరిత్ర చెప్పి, తప్పిపోకుండా బయటికి తేవడానికి గైడుకు ముప్పావు గంట మిగులుతుంది.

ఆ ముప్పావు గంటలో ఏం చెబుతారో పెద్ద గుడికి వెళ్లి వచ్చినవారు ఎవరైనా ఒప్పజెప్పగలరు. విమానం, అంటే గర్భగుడి మీద లేచిన కట్టడం, ఎత్తు 216 అడుగులు. పైనున్నది 80 టన్నుల ఏకశిల, దాన్ని మైళ్ల పొడవున మట్టి వాలు కట్టి ఏనుగులతో ఎక్కించారు. విమానం నీడ నేల మీద పడదు. నంది పెరిగిపోతుంటే వీపున మేకు కొట్టి ఆపారు. వీటిలో ఎత్తు సంగతి నిజమే. శిఖరం మాత్రం ఒకే రాయి కాదని, పలు రాళ్ల కూర్పని ఆలయ వాస్తును పరిశీలించినవారు ఎప్పుడో చెప్పారు. నీడ విషయం తేల్చుకోవడానికైతే పండితులతో పనే లేదు. సాయంత్రం విమానానికి తూర్పున నిలబడితే నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. నీడ పడదన్న మాటను ఆ నీడలోనే నిలబడి విని తలలూపే బృందాలు రోజూ కనిపిస్తాయి.

తప్పు గైడుదని చెప్పి ఊరుకోవడం సులువు. కానీ అతనికి బృందానికి ఇంత అని ఇస్తారు. ఎంతసేపు చెప్పాడు, ఏం చెప్పాడు అని అడిగేవారు లేరు. ఆపైన ఆదాయం ఏదైనా ఉంటే అది దుకాణం ఇచ్చే కమీషనే. ముప్పావు గంటలో నలభై మంది నోట ‘అబ్బా’ అనిపించాలంటే టన్నుల లెక్క పనికొస్తుంది, శాసనం పనికిరాదు. ఇదంతా మనం ఇచ్చే డబ్బు నడిపించే తీరు. కరపత్రంలో ఎనిమిది క్షేత్రాలు చూపించే నిర్వాహకుణ్ని వదిలి, అదే ధరకు పన్నెండు చూపిస్తానన్నవాడి బస్సు ఎక్కేది మనమే.

ఈ హడావుడిలో పోతున్నది గోడ. పెద్ద గుడి విమానం అడుగుభాగమంతా అక్షరాలే. తాను ఇచ్చినవీ, తన అక్క ఇచ్చినవీ, తన రాణులు ఇచ్చినవీ, మిగతా దాతలు ఇచ్చినవీ అన్నీ ఈ రాతి మీద చెక్కమని చోళ రాజు రాజరాజు ఆదేశించిన సంగతి ఆ గోడ మీదే ఉంది. గుడి 1010 నాటికి పూర్తయింది. అయితే పందొమ్మిదో శతాబ్దం దాకా ఈ గుడిని కట్టించింది ఎవరో ఊరికే తెలియదు. స్థలపురాణం కరికాల చోళుడి పేరు చెప్పేది, జనం అదే నమ్మేవారు. హుల్ట్‌ష్ అనే జర్మన్ శాసన పరిశోధకుడు 1890ల నాటికి ఆ గోడను చదివి అచ్చు వేశాకే రాజరాజు తన గుడికి తిరిగి యజమాని అయ్యాడు. ఈనాడు ప్రతి గైడూ మొదటి వాక్యంలో చెప్పే పేరు ఆ గోడ చదివితే దొరికిందే. దాని పక్క నుంచే బృందాలు దక్షిణం వైపు నడిచి, ఫోటోలకు అనువైన మూల వెతుక్కుంటాయి.

ఈ గుడి గోడల మీద నాలుగు వందల మంది స్త్రీలు ఉన్నారు. శాసనం వారిని తళిచ్చేరి పెండుగళ్ అంటుంది, అంటే గుడి వాడలో ఉండే ఆడవాళ్లు. చోళ దేశంలోని వేరువేరు ఊళ్ల గుడుల నుంచి వారిని రప్పించి, కొత్త గుడి చుట్టూ ఇళ్లిచ్చారు. ఒక్కొక్కరి గురించి శాసనం చెప్పే తీరు మున్సిపాలిటీ ఇంటి పన్ను పుస్తకాన్ని తలపిస్తుంది: ఏ వాడ, అందులో ఏ వరస, ఎన్నో ఇల్లు, ఏ ఊరి ఏ గుడి నుంచి వచ్చింది, పేరు ఏమిటి, ఎన్ని వాటాలు. ఒక వాటా అంటే ఏడాదికి నూరు కలాల (కలం అప్పటి కొలత) ధాన్యం. ఆ ధాన్యం కొలిచే మానిక పేరు ఆడవల్లాన్. అది నాట్యమాడే శివుడి పేరే. పేర్లన్నిటి ముందూ ‘నక్కన్’ అని ఉంటుంది. వీరి తరువాత నాట్యం నేర్పే నట్టువులు, గాయకులు, మద్దెల వాయించేవారు, శంఖం ఊదేవారు, గొడుగు పట్టేవారు, దీపాలు వెలిగించేవారు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు, దర్జీలు, వడ్రంగులు, కంసాలులు, లెక్కలు రాసేవారు వరసగా వస్తారు. ఎవరైనా చనిపోతే ఆ వాటా దగ్గరి బంధువుకు వెళ్లాలి, ఆ బంధువుకు పని రాకపోతే పని వచ్చినవారిని చూసి పెట్టుకోవాలి అని కూడా రాసి ఉంది. వెయ్యేళ్ల నాటి ఉద్యోగ నిబంధన అది.

నా వాదమంతా ఇక్కడి నుంచే. తంజావూరు వారసత్వం అంటే ప్రధానంగా ఆడి, పాడి, చెక్కి, రాసి బతికినవారి కథ. ఆ కథ చెప్పకుండా చూపించేది కొలతలు మాత్రమే. తమాషా ఏమిటంటే, ఖరీదైన ప్యాకేజీల్లో సాయంత్రం ఒక భరతనాట్య ప్రదర్శన పెడతారు. పగలు ఒకప్పుడు గుడిలో ఆడిన కుటుంబాల స్త్రీల ఇంటి నంబర్లున్న గోడ పక్కనుంచి నడిపించి తీసుకువెళ్లి, రాత్రి హోటల్ హాలులో ‘మన ప్రాచీన కళ’ అని పరిచయం చేస్తారు. మధ్యలో జరిగిన సంగతి, అంటే ఆ కుటుంబాల స్త్రీలను సమాజం ఎలా చూసిందో, 1947లో మద్రాసు ప్రభుత్వ చట్టంతో దేవదాసీ వ్యవస్థ ఎలా ముగిసిందో, ఆ ఆట మరెవరి చేతికి వెళ్లిందో ఎవరూ ఎత్తరు. ఈ నాట్యానికి ఇప్పుడున్న కచేరీ క్రమాన్ని తీర్చినవారు తంజావూరు నలుగురు సోదరులు చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు. ఇంటి భాష తమిళమైనా వారు వర్ణాలనే నాట్య గీతాలు తెలుగులో కట్టారు. ఆ ప్రదర్శనలో నర్తకి అభినయించే వర్ణం తెలుగుదే అయి ఉండవచ్చు. ఎదురుగా తెలుగు బృందమే కూర్చుని ఉంటుంది. ఆ ముక్క చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

ఇక మనవాళ్ల ‘మన తెలుగు రాజులు’ అనే ముచ్చట ఉంది. ఇందులో నిజం ఎంతో, తొందరపాటూ అంతే. పదహారో శతాబ్దం నుంచి 1673 దాకా తంజావూరును ఏలిన నాయక వంశపు రాజులు తెలుగువారు. అందరూ ఫోటో దిగే పెద్ద నంది వారి కాలానిదే. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు స్వయంగా కవులు. వారి కొలువులో రామభద్రాంబ సంస్కృతంలో, రంగాజమ్మ తెలుగులో రాశారు. బంధుత్వం నాయకులతో మొదలైంది కూడా కాదు. రాజరాజు కూతురు కుందవ్వ వేంగి చాళుక్య విమలాదిత్యుణ్ని పెళ్లాడింది. వారి కొడుకే రాజమహేంద్రవరంలో నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడు. (రాజరాజు అక్క పేరూ కుందవ్వే. గైడ్లు ఇద్దరినీ కలిపేస్తుంటారు, అది క్షమించదగ్గ తప్పు.) ఆదికవిని పోషించిన రాజుకు ఈ గుడి అమ్మమ్మగారింటి ఊరిదన్నమాట. తెలుగు బస్సుకు ఇంతకంటే మంచి ప్రవేశం ఏముంది?

అయితే గొప్ప చెప్పుకోవలసింది తెలుగువారు ఇక్కడ రాజ్యం చేశారని కాదు. నాయకుల తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదలలేదన్నది అసలు విశేషం. శాహాజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని తెలుగు కావ్యం రాసింది. తంజావూరుకు దగ్గరలోని మేలట్టూరులో ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాల మగవాళ్లు తెలుగు సంభాషణలు కంఠతా పట్టి, నృసింహ జయంతి వేళ భాగవత మేళం అనే నృత్యనాటకం ఆడుతూనే ఉన్నారు. అంటే ఇక్కడ తెలుగు ఎవరి జెండా కాదు, పాటకూ ఆటకూ అందరూ వాడుకున్న భాష. శరభోజి 1803లో తన వంశ చరిత్రను మరాఠీలో చెక్కించింది కూడా ఈ పెద్ద గుడి గోడ మీదే. తమిళ శాసనానికి కొద్ది నడక దూరంలో దేవనాగరి లిపి చూసిన తరువాత ‘ఇది మాది’ అనే మాట ఏ బృందమైనా కాస్త మెల్లగా అంటుంది.

గర్భగుడి చుట్టూ ఉన్న లోపలి నడవలో ఇదే కథ రంగుల్లో ఉంది. 1931లో గోవిందస్వామి అనే అధ్యాపకుడు నాయకుల నాటి చిత్రాల పొర కింద చోళుల నాటి చిత్రాలున్నాయని కనిపెట్టాడు. ఆ నడవలోకి సామాన్యుల్ని పంపరు, పంపకపోవడమే మేలు. ఊపిరి తేమ, సెల్‌ఫోన్ల మెరుపులు ఆ రంగులకు పడవు.

రాజభవనం ఎక్కువ బస్సుల జాబితాలో ఉండదు, ఉంటే అరగంట. అక్కడి విగ్రహాల ప్రదర్శనశాలలో తిరువెంగాడు నుంచి వచ్చిన వృషభవాహన మూర్తి కంచు విగ్రహం ఉంది. 1011 ప్రాంతానిది. శివుడు ఒక కాలు మరో కాలికి అడ్డంగా పెట్టి, జడలను తలపాగాలా చుట్టుకుని, కుడి చేయి నందిపై ఆనించి సేద తీరుతున్నట్టు నిలబడ్డాడు. నంది మాత్రం లేదు, ఎప్పుడో పోయింది. చేయి గాలిలో ఆగి ఉంది, అయినా వేళ్ల వాలును బట్టి ఆ ఎద్దు మూపురం ఎంత ఎత్తులో ఉండేదో ఊహకు అందుతుంది. నడుము ఒంపులో శరీరం బరువు ఎటు పడిందో తెలుస్తుంది. దీనికి ఎత్తు, బరువు, నీడ లాంటి వింత ఏదీ లేదు కాబట్టి గైడుకు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఐదు నిమిషాలు మౌనంగా నిలబడనిస్తే చాలు. కానీ బృంద యాత్రలో అన్నిటికంటే అరుదుగా దొరికేవి ఆ ఐదు నిమిషాలే. పక్కనే సరస్వతీ మహలు గ్రంథాలయంలో నలభై వేలకు పైగా రాతప్రతులున్నాయి. బస్సు వారికి అది అద్దాల వెనక నాలుగు తాళపత్రాలు.

బొమ్మల దుకాణం దగ్గర బస్సు ఆపడాన్ని నేను తప్పు పట్టను. కొనేవారు లేకుండా ఏ చేతిపనీ నిలవదు. దుకాణానికి బదులు పని జరిగే చోటికి తీసుకువెళ్లమనే అడుగుతాను. తంజావూరు వీణ చేసే ఇళ్లలో పనస దుంగను తొలిచి బుర్ర చేయడం, చివర యాళి అనే కల్పిత మృగం తల చెక్కడం, మైనంలో బొగ్గుపొడి కలిపి ఆ నల్లటి ముద్ద మీద 24 మెట్లు ఒక్కొక్కటే నిలబెట్టడం చూడవచ్చు. మెట్టు పెట్టినప్పుడల్లా తీగ మీటి, చెవి ఒగ్గి విని, వెంట్రుకవాసి జరిపి మళ్లీ మీటుతారు. పది నిమిషాలు అది చూసినవారు ధర అడిగేటప్పుడు గొంతు మారుతుంది. అద్దాల బీరువా ముందు నిలబెట్టినవారు మాత్రం తల ఊపే బొమ్మకు సగం ధర అడుగుతారు.

తిరువయ్యారు తంజావూరుకు 13 కిలోమీటర్లు. త్యాగరాజు కృతి ఒక్కటైనా వినని తెలుగు ఇల్లు అరుదు, అయినా చాలా బస్సులు అటు తిరగవు. కావేరి ఒడ్డున ఆయన సమాధి మీద గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టిన ఆ గాయని తన సంపాదన పోసి 1925లో దాన్ని నిలబెట్టింది. అంతకు ముందు 1910లో ముద్దుపళని కావ్యాన్ని మొదటిసారి పూర్తి పాఠంతో అచ్చు వేయించింది కూడా ఆవిడే. అశ్లీలమని ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే, ప్రకాశం పంతులు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ నిషేధం తొలగింది. తాను కట్టించిన గుడి దగ్గర జరిగే ఆరాధనలో స్త్రీలకు పాడే హక్కు లేకపోతే, నాగరత్నమ్మ ఆడవాళ్ల ఆరాధనను విడిగా జరిపించింది. ఇప్పుడు ఆమె సమాధి త్యాగరాజు సన్నిధికి ఎదురుగా ఉంది. పెద్ద గుడి గోడ మీది నాలుగు వందల పేర్ల నుంచి ఇక్కడి దాకా ఒకే తోవ. ఒక పూటలో కాకపోయినా ఒక రోజులో తిరిగి రావచ్చు.

భక్తి కోసం వచ్చినవారికి ఇవన్నీ ఎందుకని నిర్వాహకులు అడుగుతారు. దర్శనం చేసుకుని పోయేవారిని ఆపి పాఠం చెప్పమని ఎవరూ అనడం లేదు. కానీ కరపత్రం మీద ‘వారసత్వ యాత్ర’ అని అచ్చు వేసి అదనంగా వసూలు చేసినప్పుడు వారసత్వం ఎంతో కొంత చూపించాలి. భక్తులకు మనుషుల కథల మీద ఆసక్తి ఉండదన్నదీ ఒప్పుకోలేను. ఏ గుడిలోనైనా ధ్వజస్తంభం ఎవరు ఇచ్చారో, గంట మీద ఎవరి పేరుందో ముందుగా చదివేది భక్తులే.

ఖర్చు కూడా పెద్దది కాదు. తళిచ్చేరి శాసనం ఇంగ్లీషు అనువాదంతో సహా శతాబ్దం క్రితమే అచ్చులో ఉంది. రెండు రాష్ట్రాల పర్యాటక సంస్థలు గానీ, ఏటా వందల మందిని ఈ దారిన తిప్పే ప్రైవేటు నిర్వాహకులు గానీ ఒక తమిళ శాసన పండితుణ్ని అడిగి, ఇరవై పేర్లు, చిరునామాలు తెలుగులో రాయించి, ఆ గోడ ఎటువైపు ఉందో చిన్న పటం గీయించి, బస్సులో మంచినీళ్ల సీసాతో పాటు పంచవచ్చు. గైడుకు బృందం లెక్కన కాకుండా గంట లెక్కన ఇచ్చి, దుకాణం కమీషను వదులుకున్నందుకు మరో వంద కలపవచ్చు. పన్నెండు క్షేత్రాల్లో ఒకటి రెండు తగ్గించి తంజావూరులో రెండో పూట ఉంచితే తిరువయ్యారు కూడా అందులో ఇముడుతుంది. టికెట్టు కొనేటప్పుడు ‘ఎన్ని చూపిస్తారు’ అని కాక ‘ఎంతసేపు ఉంచుతారు’ అని అడిగేవారు బస్సుకు పదిమంది ఉంటే, వచ్చే ఏడాది కరపత్రం నిర్వాహకులే మార్చుకుంటారు.