నామినేటెడ్ పోస్టు సారుకు నల్గొండ నుంచి ఒక ఉత్తరం

నామినేటెడ్ పోస్టు సారుకు,

దండాలు. మీరు ఒకకాడ కార్పొరేషన్ చైర్మన్, ఒకకాడ మార్కెట్ కమిటీ, ఇంకోకాడ గుడి ధర్మకర్తల మండలి. పేర్లు ఎన్నున్నా మనిషి ఒక్కరే గనుక ఒక్క ఉత్తరంతోనే సరిపెడుతున్న.

మీరు వస్తున్న సంగతి జీవో కంటె ముందు ఫ్లెక్సీల తెలుస్తది. క్లాక్ టవర్ కాడ ‘కాబోయే చైర్మన్’ అని నిలువెత్తు ఫొటో లేస్తది. పైన పెద్ద నాయకులు, కింద పోస్టల్ స్టాంపులంత సైజుల ఊరి కార్యకర్తలు. ఎండల జెండాలు మోసింది, గోడలకు పోస్టర్లు అంటించింది ఆ స్టాంపులే. నిలువెత్తు ఫొటో మాత్రం ఎలక్షన్లప్పుడు ఏ వాడల కనపడలే. పాపం, ఆయనకు వేరే పని ఉండె. మీటింగుకు బస్సులు గావాలె, బస్సులకు డీజిలు గావాలె, డీజిలుకు పైసలు గావాలె.

మా జిల్లాల ఎలక్షన్ ఖర్చంటే మునుగోడు యాదికొస్తది. 2022 నవంబరు 3న ఉప ఎన్నిక అయింది. అసెంబ్లీ అభ్యర్థి పెట్టొచ్చిన ఖర్చు 40 లక్షలని ఎన్నికల సంఘం లెక్క. చండూరు, చౌటుప్పల్ రోడ్ల మీద తిరిగిన కార్ల డీజిలుకే అది సాలుతదా అని మేం అరుగుల మీద కూసోని లెక్కలేసుకున్నం. అభ్యర్థికి పరిమితి ఉన్నది గాని పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. చట్టం చేసినోళ్లు ముందు తలుపుకు తాళమేసి, ఎనక గోడ కట్టుడు మరిసిన్రు.

మరి ఆ పైసలు ఏడికెళ్లి వస్తయి? మిల్లు కాడికెళ్లి, క్రషర్ కాడికెళ్లి, వెంచర్ కాడికెళ్లి, కాంట్రాక్టుల కాడికెళ్లి వస్తయి. ఇచ్చినోళ్లు మంచోళ్లు, కాగితం అడగరు, సంతకం అడగరు. గెలిచినంక ఒక్కపారి వచ్చి కలుస్తరు, అంతే. సారూ, వాళ్లకు ఇచ్చే రసీదే మీరు.

ఢిల్లీల దీనికి పెద్ద ఏర్పాటు చేసిన్రు. 2018ల ఎలక్టోరల్ బాండ్లని తెచ్చిన్రు, ఎవరు ఏ పార్టీకి ఇచ్చిన్రో ఓటరుకు తెల్వకుండ. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి వాటిని కొట్టేసింది. ఇచ్చినోళ్లకు ప్రతిఫలంగ మేలు జరిగే అవకాశం ఉందని, ఆ వివరం తెలుసుకునే హక్కు ఓటరుకు ఉన్నదని చెప్పింది. మా దిక్కు బాండ్లెందుకు సారూ? ఎవరు ఇచ్చిన్రో ఫ్లెక్సీ చూస్తే పసిపిల్లలకు కూడ తెలుస్తది. ఎంత ఇచ్చిన్రో ఫ్లెక్సీ సైజు చెప్తది.

మీ గిరాకీ పెరగడానికి ఇంకో కారణం ఉన్నది. 2003ల రాజ్యాంగ సవరణ తెచ్చి, మంత్రుల సంఖ్య అసెంబ్లీ బలంల 15 శాతం దాటొద్దన్నరు. మన 119 మందికి ముఖ్యమంత్రితో కలిపి 18. బాకీ ఉన్నోళ్లేమో 18 మందితోని ఆగరాయె. మీకు అటువంటి లెక్క లేదు. కొత్త కార్పొరేషన్ పెడితే కొత్త కుర్చీ తయారు. దానికి కారు, ఆఫీసు, గౌరవ వేతనం, అదృష్టం బాగుంటే కేబినెట్ హోదా. 2023 డిసెంబరుల సర్కారు మారంగనే ఒక్క ఉత్తర్వుతో 54 మంది చైర్మన్ల నియామకాలు రద్దు చేసిన్రు. ప్రజాధనం మిగిలిందని సంబురపడ్డం. తర్వాతి ఏడు 37 మందిని వేసిన్రు. ఆ రెండు లిస్టులల్ల ఏండ్లకేండ్లు కేసులై, లాఠీ దెబ్బలు తిన్నోళ్లు కూడ ఉంటరు, అబద్ధం ఎందుకు. వాళ్లను ముందల నిలబెట్టే గదా మీరు ఎనక ఉన్నోళ్లను లోపలికి తోలుకపోయేది.

గవర్నర్ కోటా ఎమ్మెల్సీ రూపంల మీరు ఇంకా అందంగ ఉంటరు. సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకార ఉద్యమం, సమాజసేవ అని రాజ్యాంగం 171వ అధికరణంల రాసిన్రు. మొదటి నాలుగింటికి ఏదో ఒకటి చేసినట్టు చూపియ్యాలె. అయిదోదానికి దుప్పట్లు పంచిన ఫొటో సాలు.

అమెరికోళ్లు కూడ మీ భక్తులేనట. ఎలక్షన్ ఫండు జమచేసినోళ్లకు మంచి మంచి దేశాలల్ల రాయబారి పోస్టులిచ్చే అలవాటు ఆడ పార్టీ భేదం లేకుండ నడుస్తది. 1881ల అయితే ప్రచారం చేసిన తనకు పారిస్‌ల కాన్సుల్ పోస్టు రాలేదని ఒకాయన ప్రెసిడెంటు గార్‌ఫీల్డ్‌నే కాల్చిండు. అప్పుడు భయపడి, 1883ల గుమాస్తా కొలువులకు పరీక్షలు పెట్టిన్రు. మనోళ్లు శాంతమూర్తులు. పోస్టు రాకపోతే పొద్దుగూకేసరికి కండువా మారుస్తరు.

పరీక్షలంటే యాదికొచ్చింది. మేం కట్టే ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ పైసలతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థకు కూడ చైర్మన్‌గ మీరే ఉంటరు. లైబ్రరీలల్ల పొద్దున్నే టిఫిన్ డబ్బాతోని వచ్చి కూసునే పిల్లలను చూసిన్రా? రాష్ట్రం వచ్చినంక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022ల వచ్చింది, 503 పోస్టులు. ప్రిలిమ్స్ ఒకపారి రాసిన్రు, పేపర్ లీకైందని రద్దు. 2023ల మళ్ల రాసిన్రు, హైకోర్టు రద్దు చేసింది. పక్క గదిల మీకు సిలబస్ లేదు, వేలిముద్ర లేదు, వయసు పరిమితి లేదు, లీకు భయం అసలే లేదు. మీది మొదటి నుంచి లీకైన పేపరే గదా.

కోపం ఎందుకు గాని, ఒక ఉపాయం చెప్తా. బాదేపల్లి, వనపర్తి, గద్వాల యార్డులల్ల పల్లికాయ ఎట్ల అమ్ముతరో మీకు తెలిసే ఉంటది, ఆడ చైర్మన్ మీరే గనుక. రైతు కుప్ప పోస్తడు, లాట్ నంబరు పడ్తది, ఖరీదుదారులు చూసి టెండరు ఏస్తరు, ఎక్కువ రేటు ఎవరిదో అందరి ముందల తేలుతది, కాంటా అయినంక తక్‌పట్టీ, అంటే అమ్మకం రసీదు, చేతికొస్తది. మీ కుర్చీని కూడ అట్లనే యార్డుల పెట్టిద్దాం. దొంగచాటుగ ఎందుకు? ఎవరు ఎంత పెట్టిన్రో బోర్డు మీద రాసిపెడదాం. తక్‌పట్టీని జీవోకు జతచేద్దాం. వడ్లకు తేమ 17 శాతం దాటొద్దని చూస్తరు గదా, టెండరు ఏసేటాయనకు కూడ ఒక చిన్న పరీక్ష పెడదాం, మార్కెట్ ఫీజు ఎంతనో చెప్తే సాలు. ఇగ అసలు సంగతి: వచ్చిన పైసలు పార్టీకి కాదు, యార్డుకే జమ కావాలె. ఈ లెక్కన రెండు ఎలక్షన్లు గడిచేసరికి సూర్యాపేట యార్డుల షెడ్లకు షెడ్లు లేస్తయి, అకాల వానకు తడవకుండ ప్రతి కుప్ప మీద ఒక టార్పాలిన్ ఉంటది. ఇప్పుడు ఒక్కొక్క కుర్చీకి పోతున్న ధరకు అది పెద్ద పని కాదు.

ఇంకో షరతు. రేటు నచ్చకపోతే అమ్మనని చెప్పి కుప్పను వాపస్ తీసుకపోయే హక్కు రైతుకు ఉంటది. కుర్చీ మాది గనుక మాకు కూడ ఆ హక్కు ఉండాలె. టెండరు కాగితంల అది రాయించుండ్రి సారూ.

ఇట్లు,
ఇంటి పన్ను, గ్రంథాలయ సెస్సు బాకీ లేని
ఒక నల్గొండ జిల్లావాసి