మెట్టతామర గారికి, మీ కిందివాళ్ల తరఫున

మహారాజశ్రీ మెట్టతామర గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. సెప్టిక్ ట్యాంకు దాటిన అందరి మురుగునీళ్లూ శుభ్రపడడానికి ఈ కంకర మడిలో మీ కాళ్ల దగ్గరికే వస్తున్నాయి కదా, మొన్నటిదాకా మోకాలెత్తు ఉన్నవారు ఇప్పుడు నా నెత్తి మీద పూలు పూస్తున్నారు.

ఈ మధ్య మిమ్మల్ని చూడ్డానికి జనం బాగా వస్తున్నారు. వచ్చినవాళ్లంతా మీ పక్కన నిలబడి ఫొటో దిగి, "ఈ మొక్కలే మురుగంతా తాగేస్తాయట" అని చెప్పుకుంటారు. అవునన్నట్టు మీరు గాలికి తల ఊపుతారు. ఆ తల ఊపడం గురించే ఈ ఉత్తరం.

నిన్న మీ మొదట్లో కంకర చేత్తో తోడి చూశాను. పైన నాలుగు వేళ్ల మందం పొడిరాయి. దాని కింద తడి. ఇంకాస్త లోపలికెళ్తే రాళ్లు చేతిలోంచి జారిపోతున్నాయి, ఒక్కో రాయికీ సన్నటి జిగురుపొర. ఆ పొరలో కాపురముండే బాక్టీరియానే మురుగుని తిని అరిగించుకుంటోంది. తమరు స్వయంగా పీల్చుకునే నత్రజని, భాస్వరం అందులో చిన్న వాటా. అది కూడా మిమ్మల్ని కోసి బయటికి మోసుకెళ్తేనే లెక్క. ఎండి అక్కడే రాలారంటే తిన్నది మళ్లీ కక్కినట్టే. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదేనేమో.

బొత్తిగా పని చెయ్యరని అనను. మీ వేళ్లు కంకర మధ్య సందులు పూడిపోకుండా చూస్తాయి. కాస్తో కూస్తో ఆక్సిజన్ కూడా వదులుతాయి, అడుగున చిల్లుపడ్డ కుండ నీళ్లు వదిలినంత. దానికే ఇంత పేరు! 1950ల్లో జర్మనీలో కేథె సైడెల్ అనే శాస్త్రవేత్త తుంగ మొక్కలతో మురికినీటి మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. మీ వర్గానికి అప్పట్నుంచే దశ తిరిగింది.

ఎండ సంగతి కూడా మీరెక్కడా ఎత్తరు. చలి 10 డిగ్రీల కిందికి దిగిందంటే మురుగులోని అమ్మోనియాని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ముసుగుతన్ని పడుకుంటుంది. అందుకే నీళ్లు పైనుంచి కిందికి దిగే మడికి చలిదేశాల్లో మనిషికి సుమారు 4 చదరపు మీటర్ల జాగా కావాలంటారు. 20 డిగ్రీలు దాటే చోట 1.2తో సరిపెట్టొచ్చంటారు. జాగా కలిసొచ్చింది సూర్యుడి వల్ల, ఫొటో మాత్రం మీది.

అదే ఎండకి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. లీటరుకి 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములైతే, 30 దగ్గర ఏడున్నర. కంకరలో అడ్డంగా పారే మడి ఎప్పుడూ నీళ్లతో నిండుగానే ఉంటుంది కాబట్టి అక్కడ లోపలి బాక్టీరియాకి ఊపిరాడదు, అమ్మోనియా చాలావరకు వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. పైనుంచి విడతలు విడతలుగా వదిలితే నీళ్లు దిగిన వెనకే గాలి లోపలికి దూరుతుంది. ఆ పుణ్యం పంపు టైమరుది. మండుటెండలో మీరు గటగటా తాగి ఆకుల్లోంచి ఆవిరి చేసేసరికి, మిగిలిన కాసిని నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది. తోటకి నీళ్లేవని తిట్లు తినేది నేను.

ఇక అసలు బాధ. మీ వెనకాల సెప్టిక్ ట్యాంకు ఉంది. దాని మూతతో ఎవరూ ఫొటో దిగరు. "ప్రకృతే చూసుకుంటుంది, మెయింటెనెన్స్ ఉండదు" అని కమిటీవాళ్లకి ఎవరో చెప్పారు. మూడేళ్లు మూత ఎత్తలేదు. అడుగున బురద పేరుకుని పేరుకుని, ఓ రోజు పైపు పట్టుకుని మడిలోకి వచ్చేసింది. మొదటి మీటరు కంకర నల్లటి ముద్దయిపోయింది, కుళ్లిన గుడ్ల కంపు. దిగడానికి దారి లేక నీళ్లు పైకి తేలాయి. కంకర కింద కనపడకుండా పారినన్నాళ్లూ దోమకి గుడ్డు పెట్టే చోటు లేదు. పైకి తేలాక వారం తిరిగేసరికి దోమపిల్లలు గిలగిల్లాడుతున్నాయి. ఆ కంకరంతా పారతో ఎత్తి, కడిగి, మళ్లీ పోశాం. నాలుగు రోజులు అన్నం చేత్తో తినలేదు, చెంచాతో తిన్నాను.

కమిటీవాళ్లు చూసి "ఈ టెక్నాలజీ మనకి పడదు" అని తేల్చారు. ఆడలేనివాళ్లకి మద్దెల ఎప్పుడూ ఓడే. టెన్షన్‌తో నాకు నిద్ర లేదు. మీరేమో ఆ వారమే ఎన్నడూ లేనంతగా పూశారు!

రేపు ట్యాంకు ఖాళీ చెయ్యడానికి బండి వస్తోంది. గొట్టం పట్టాలంటే ఆ పక్కకి వంగిన మీ కాడలు నాలుగు కొయ్యాలి. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
తమ మడి కాపలాదారు

తా.క.: బయటికొచ్చే నీళ్లు గ్లాసులో పట్టి "చూడండి ఎంత తేటగా ఉన్నాయో" అని చూపిస్తున్నారు. నీళ్లు తేరినంత మాత్రాన రోగక్రిములన్నీ పోవు. మొన్న ఒకాయన ఏకంగా తాగబోతే గ్లాసు లాక్కున్నాను. "తాగితే ఏమవుతుంది?" అని ఆయన మీ వైపు చూశాడు. మీరు అప్పుడు కూడా తల ఊపారు.