గైడ్స్ క్యాంపుకి అమ్మ ఎవరిని చూసి పంపుతుంది?

మా బడిలో గైడ్స్ క్యాంపు, అంటే ఆడపిల్లల స్కౌట్స్ క్యాంపు, అన్నప్పుడు నేను ఎనిమిదో తరగతి. మూడు పగళ్లు, రెండు రాత్రులు, కర్నూలు నుంచి బస్సులో గంట దూరం. ఇంట్లో చెప్పగానే మా అమ్మ అన్న మొదటి మాట, "రాత్రిపూట యాడికి పంపేది? ఆ మేడమ్ ఎవురో ఏమో." నన్ను పెట్రోల్ లీడర్‌ని చేశారు నాన్నా అంటే, ఏ బంకులో అని మా నాన్న నవ్వాడు. గైడ్స్‌లో పెట్రోల్ అంటే పిల్లల చిన్న జట్టు. చివరికి పంపారు. మా వీధి అంగన్‌వాడీ టీచర్, మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఆమె, వంటకు సాయంగా తానూ వస్తానంది, అంతే. బడి ఇచ్చిన కాగితం మీద మా నాన్న సంతకం పెట్టింది ఆమె మొహం చూసే. మా ఒక్క వీధి నుంచే నలుగురం వెళ్లాం.

ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, గైడ్స్ గురించి మన జిల్లాల్లో మాట వచ్చినప్పుడల్లా ఎన్ని బళ్లలో యూనిట్లు పెట్టాం, ఎంతమంది టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చాం అనే లెక్కలే వినిపిస్తాయి. ఆ యూనిట్ వెనక ఏ వీధి ఉంది, ఏ ఆడవాళ్లు ఉన్నారు అని అడిగేవాళ్లు కనిపించరు. స్కార్ఫ్ కట్టుకున్న పిల్లలు పంద్రాగస్టుకి కవాతు చేసి, మళ్లీ జనవరి 26 దాకా ఆ స్కార్ఫ్‌ని ట్రంకుపెట్టెలో పెట్టేస్తున్నారంటే, అది పిల్లల తప్పు కాదు.

అసలు ఈ గైడ్స్ పుట్టిందే పిలవని పేరంటంగా. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో బాయ్ స్కౌట్ల సభ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొంతమంది అమ్మాయిలు టోపీలు పెట్టుకుని వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. మగపిల్లల కోసం సంస్థ పెట్టిన బేడెన్ పావెల్‌కి ఏం చేయాలో తోచక, 1910లో గర్ల్ గైడ్స్ అని విడిగా పెట్టి తన చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పగించాడు. అమెరికాలో జూలియెట్ గోర్డన్ లో 1912 మార్చి 12న సవానా అనే ఊళ్లో 18 మందితో మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన వాళ్ల బిస్కెట్ల అమ్మకం కూడా ఏ హెడ్డాఫీసో వేసిన ప్లాను కాదు, 1917లో ఓక్లహోమాలోని మస్కోగీ అనే ఊరి పిల్లలు బిస్కెట్లు కాల్చి హైస్కూల్ క్యాంటీన్‌లో అమ్మి మొదలుపెట్టినదే. మొదట్లో ఆ కాల్చడమంతా ఇళ్లలో, అమ్మల సాయంతోనే.

మనకు మాత్రం ఇది పైనుంచి దిగింది. 1911లో జబల్‌పూర్‌లో మొదటి కంపెనీ (గైడ్స్ దళాన్ని అలాగే అంటారు) పెట్టినప్పుడు అది తెల్లవాళ్ల పిల్లల వ్యవహారం. మగపిల్లల వైపు ఆ వివక్షకు జవాబుగా అనీ బిసెంట్ మద్రాసులో, మదన్ మోహన్ మాలవీయ ఉత్తరాదిన సొంత స్కౌట్ సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది, 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ అందులో కలిసింది. ఆ తర్వాత పాత సంకెళ్లు పోయినా అలవాటు మాత్రం మిగిలింది, కాకపోతే దొరల బంగ్లాకి బదులు బడి వచ్చింది. టీచర్ బదిలీ అయితే కంపెనీ కూడా బదిలీ అయినట్టే!

బడి మీదే ఆనించితే ఏమవుతుందో చూడాలంటే కర్నూలు పడమటి మండలాలకు వెళ్లాలి. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో వర్షాధారం పంట చేతికి రాకపోతే జనం సుగ్గికి, అంటే కూలికి వలస, పోతారు. గుంటూరు వైపు మిరపకోతకి, పత్తి తీయడానికి మూటాముల్లె సర్దుకుని ఇంటిల్లిపాదీ వెళ్తారు, ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల ఉంటే ఆమెనీ తీసుకెళ్తారు, ఎందుకంటే ఆ పిల్లని చూసుకునేవాళ్లు ఊళ్లో ఉండరు, పైగా ఆ చేతులు కూడా కూలికి పనికొస్తాయి. వారం వారం జరగాల్సిన మీటింగ్‌కి సగం పెట్రోల్ మాయమైతే, నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్ల గైడ్స్‌లో మొదటి మెట్టైన ప్రథమ సోపానం దగ్గరే ఆగిపోయి ఉంటే, ఇక పై మెట్టైన రాష్ట్రపతి పురస్కారం గురించి మాట్లాడటం ఎవరి కోసం? సీజనల్ హాస్టళ్లున్నాయి, కస్తూర్బా విద్యాలయాలున్నాయి, మంచిదే. కానీ అమ్మ పిల్లని ఊళ్లో వదిలి వెళ్లాలంటే ఆమె నమ్మే మనిషి ఒకరు ఊళ్లోనే ఉండాలి.

అలాంటి మనుషులు ఈ జిల్లాలో లేకపోలేదు. ఓర్వకల్లు అంటే ఇప్పుడు అందరికీ విమానాశ్రయం గుర్తొస్తుంది గానీ, అంతకుముందే ఆ మండలానికి పేరు తెచ్చింది పొదుపు మహిళలు. వాళ్ల పొదుపులక్ష్మి ఐక్య సంఘం అప్పులిచ్చి ఊరుకోలేదు, బాలభారతి అని సొంత బడి కూడా నడుపుతోంది. పది పదిహేను మంది ఆడవాళ్లు, ఒక లీడరు, ఒక పుస్తకం, మీటింగ్‌కి రాకపోతే జరిమానా. గైడ్స్‌లో పెట్రోల్ అన్నా దాదాపు అదే పద్ధతి, ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు, వాళ్లలోంచే లీడరు, వాళ్ల పని వాళ్లే పంచుకోవడం. బడితో సంబంధం లేకుండా ఓపెన్ గ్రూప్ పెట్టుకునే వీలు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నిబంధనల్లోనే ఉంది. అలాంటప్పుడు ఒక గ్రామ సంఘం తన పిల్లల కోసం ఒక కంపెనీ పెట్టుకుంటే, ఇంటర్ చదివి ఇంటి దగ్గరున్న కోడలో కూతురో ట్రైనింగ్ తీసుకుని ఆ కంపెనీని నడిపే గైడ్ కెప్టెన్ అయితే, అడ్డేముంది?

అడ్డుంది. స్థానికం అన్నంత మాత్రాన అంతా మంచిదనుకోవడానికి నేను సిద్ధంగా లేను. సంఘాలు వాడల వారీగా ఏర్పడ్డ ఊళ్లున్నాయి, వాడ అంటే కులమని వేరే చెప్పాలా. సంఘం పిల్లలే కంపెనీ అయితే ఆ గోడ స్కార్ఫ్ కట్టుకుని నిలబడుతుంది. మా క్యాంపులో ఒక పిల్ల ఇంటి నుంచి జొన్నరొట్టెలు కట్టుకొచ్చుకుంది, అందరితో కలిసి వండింది తినొద్దని వాళ్ల జేజి చెప్పి పంపిందట. రెండో రోజుకి రొట్టె అట్ట ముక్కలా అయింది. మూడో పూట వచ్చి మా పెట్రోల్‌లో కూర్చుని సంగటి తింది, ఎవరూ ఏమీ అనలేదు, పెద్దమ్మ ఇంకో ముద్ద వేసిందంతే. రకరకాల వీధుల పిల్లల్ని ఒకే పొయ్యి దగ్గర కూర్చోబెట్టగలిగేది బడే, ఆ ఒక్క విషయంలో బడికి నేను మార్కులు వేస్తాను. కాబట్టి పిల్లలు బడి నుంచి, వెంట ఉండే అక్కలు రెండు మూడు వాడల సంఘాల నుంచి రావాలంటాను.

ఇంకో భయం కూడా ఉంది. నాయకుల మీటింగ్‌లకి సంఘాల ఆడవాళ్లని బస్సులెక్కించడం అలవాటైన చోట, రేపు యూనిఫాం వేసుకున్న పిల్లలు కూడా స్వాగతం పలకడానికి ఎండలో వరసగా నిలబడతారు. ఇప్పుడు బడుల నుంచి నిలబడటం లేదా అంటారా, నిలబడుతున్నారు, అదీ నిజమే.

మరి డబ్బు? యూనిఫాం కుట్టించుకోవాలన్న ఒక్క మాటకే మా క్లాసులో సగం మంది పేర్లు వెనక్కి తీసుకున్నారు. సంఘంలో కుట్టుమిషను ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, గుడ్డ ఇస్తే అక్కడే కుట్టేస్తారు.

మా పెద్దమ్మకి గైడ్స్ అంటే ఏమిటో చివరిదాకా సరిగ్గా తెలియదు. గైడ్స్ పద్ధతిలో ఎడమ చేత్తో షేక్‌హ్యాండ్ ఇస్తుంటే, మంచి చెయ్యి ఇయ్యండే అని తిట్టేది. ఆ మరుసటి ఏడాది ఆమెకి వేరే ఊరికి పోస్టింగ్ వచ్చింది. క్యాంపు కాగితం మళ్లీ ఇంటింటికీ వచ్చింది. మా వీధి నుంచి ఒక్కరూ వెళ్లలేదు.