చౌక ఆరోగ్యంతో తస్మాత్ జాగ్రత్త

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుర్రకారులో ఈమధ్య ఆందోళన కలిగించే ధోరణి ఒకటి మొదలైంది. కొందరు రాత్రి పదిన్నరకల్లా పడుకుంటున్నారు. పొద్దున్నే లేచి, ఎక్కడా ఫొటో పెట్టకుండా, ఊరికే నడిచి వస్తున్నారు. మెస్సులో పప్పన్నం తిని తృప్తిగా తేనుస్తున్నారు. మారతహళ్లి, బెళ్లందూరు, కుందలహళ్లి పీజీ హాస్టళ్లలో ఈ జాడ్యం చాపకింద నీరులా పాకుతోంది. మొగ్గలోనే తుంచకపోతే జిమ్ములు, యాప్‌లు, ప్రోటీన్ డబ్బాలు, వెల్‌నెస్ కోచ్‌లు, వాటిని నమ్ముకున్న కుటుంబాలు ఏం కావాలి? సమాజ హితం కోరేవాళ్లు చూస్తూ ఊరుకోవలసిన సమయం కాదిది.

జీవితంలో సంతులనం అంటే కష్టపడి, ఖర్చుపెట్టి, నలుగురికీ తెలిసేలా సాధించాల్సిన ఘనకార్యం. దానికి పెద్దలు ఏర్పరిచిన పద్ధతంటూ ఉంది.

మొదటి మెట్టు జిమ్. జనవరి మొదటి వారంలో చేరాలి. మూడు నెలలకు కాదు, ఏడాదికి కట్టాలి, తగ్గింపు బాగా ఇస్తారు. ఎందుకంత తగ్గింపు ఇస్తున్నారని అడగటం మర్యాద కాదు. చేరినవాళ్లంతా రోజూ వస్తే ట్రెడ్‌మిల్లు దగ్గర నిలబడ్డ క్యూ కింద కొబ్బరిబోండాల బండి దాకా వస్తుందని ఓనరుకు తెలుసు. మార్చికల్లా సగం మంది రారనీ తెలుసు. చేరిన రోజునే పదేళ్ల బాకీ ఒక్కపూటలో తీర్చేయాలన్న పట్టుదలతో స్క్వాట్లు తీయాలి. ఆ నొప్పులు అప్పటికప్పుడు తెలియవు. మర్నాడు మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో ముదురుతాయి. అప్పుడు పీజీ మూడో అంతస్తు నుంచి రెయిలింగు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగాలి. ఇక జిమ్ము మానెయ్యడానికి అంతకన్నా గౌరవప్రదమైన కారణం దొరకదు.

దీనికి విరుద్ధంగా జరుగుతున్న దుష్ప్రచారం ఎలా ఉందో చూడండి. మొదటి రెండు వారాలు చేయగలిగినదాంట్లో సగమే చేసి ఆపాలట. బరువుల పని వారానికి రెండు రోజులైతే చాలట. గోడకు చేతులానించి చేసే పుషప్పులు, చేతులు ఊతం తీసుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, లిఫ్టు మానేసి మెట్లెక్కడం కూడా వ్యాయామమేనట. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం వీళ్లకు వంత పాడుతోంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని ఉండాలంటుంది. 150ని ఏడుతో భాగిస్తే రోజుకు 22 నిమిషాలైనా లేదు. సిల్క్ బోర్డు జంక్షన్లో ఒక్క సిగ్నల్ దాటడానికి పట్టే సమయంలో వచ్చేసే ఆరోగ్యానికి విలువేముంటుంది?

ఇక అలవాట్ల సంగతి. ఏ అలవాటైనా 21 రోజులు చేస్తే స్థిరపడిపోతుందని రీల్స్‌లో గురువులందరూ ముక్తకంఠంతో చెబుతున్నారు, నమ్మాలి. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన పేషెంట్లు మారిన ముఖానికి అలవాటుపడటానికి కనీసం ఓ మూడు వారాలు పడుతోందని రాశాడు. ముక్కుకు వర్తించింది మార్నింగ్ వాక్‌కు ఎందుకు వర్తించదు? లండన్లో 96 మంది మీద చేసిన పరిశోధనలో మాత్రం సగటున 66 రోజులని తేలింది. కొందరికి 18 రోజులే సరిపోయింది, కొందరికి 254 దాకా పట్టేట్టుంది. పైగా మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదట. ఇది మరీ ప్రమాదకరమైన మాట. ఒకరోజు తప్పగానే యాప్‌లో స్ట్రీకు, అంటే వరస రోజుల లెక్క, సున్నా అయిపోవాలి, మనసు విరగాలి, ఆ దిగులులో రాత్రి పన్నెండింటికి బిరియానీ ఆర్డరు పెట్టాలి. వ్యాపార చక్రం తిరిగేది అలాగే.

చేతికి స్మార్ట్ వాచీ లేనివాడి నడక నడకే కాదన్నది అందరూ ఒప్పుకున్నదే. రోజుకు పదివేల అడుగులు పూర్తవాలి. ఇది 1965లో జపాన్ కంపెనీ ఒకటి నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్ముకోవడానికి ఎంచుకున్న గుండ్రటి అంకె. అయినా లెక్క లెక్కే. రాత్రి పదకొండూ నలభైకి ఇంకా పన్నెండు వందల అడుగులు తక్కువున్నాయని వాచీ చెబితే, పీజీ డాబా మీద ఆరబెట్టిన బట్టల మధ్య గుండ్రంగా తిరగాలి. రాత్రి భోజనం కాగానే పది పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచొస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదని, ఆ నడకలోనే అమ్మకు ఫోన్ చేసేయొచ్చని కొందరు సలహా ఇస్తున్నారు. ఒకే పావుగంటలో రెండు పనులు అయిపోతే, మిగిలిన టైములో యువత ఏ వెధవాలోచనలు చేస్తుందో వీళ్లు ఆలోచించారా?

అసలు ముప్పు నిద్ర దగ్గరుంది.

సంప్రదాయ పద్ధతి ఇదీ. అమెరికావాళ్లతో కాల్ పదిన్నరకు అవుతుంది. పదకొండుకు భోజనం. పగలంతా మేనేజరు సొమ్ము గనక ‘నా టైము’ అప్పుడు మొదలవుతుంది. ఆ నా టైమును ఒంటిగంటన్నర దాకా రీల్స్‌కు సమర్పించాలి. తొమ్మిదిన్నరకు టీము రోజువారీ మీటింగు (స్టాండప్) ఉంటే తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి లేవాలి, కెమెరా ఆపేసి ‘నెట్‌వర్క్ ప్రాబ్లం’ అనాలి. మధ్యాహ్నం మగతకు కాఫీ, దాని మీద సాయంత్రం అయిదున్నరకు ఇంకో కాఫీ. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. కాబట్టి రాత్రి పదిన్నరకు సగం కాఫీ లోపల ఇంకా డ్యూటీలోనే ఉంటుంది. నిద్ర రాకపోతే ఫోన్ ఉండనే ఉంది. శని, ఆదివారాలు మధ్యాహ్నం పన్నెండు దాకా పడుకుని బాకీ తీర్చాలి. అప్పుడు ఒంటి గడియారం వెనక్కి జరిగి, ఆదివారం రాత్రి కళ్లు తెరుచుకునే ఉంటాయి, సోమవారం పొద్దున ముఖం చూసి పీజీ వంటమాస్టరు కూడా జాలిపడతాడు. టికెట్టు కొనకుండా ప్రతివారం విదేశం వెళ్లొచ్చినంత అలసట. ఇంత సౌకర్యాన్ని వదులుకోమంటున్నారు!

వదులుకోమనేవాళ్ల ఎత్తుగడ చాలా సూక్ష్మంగా ఉంటుంది. ఎన్నింటికి పడుకున్నా సరే, లేచే టైము మాత్రం ఆదివారంతో సహా ఒకటే ఉంచమంటారు. అదొక్కటి బిగిస్తే కొద్దివారాల్లో పడుకునే టైము దానంతటదే సర్దుకుంటుందని ఆశపెడతారు. కనీసం ఏడు గంటల నిద్ర పడాలంటారు. ఆఖరి కాఫీ మధ్యాహ్నం రెండింటి లోపేనంటారు. ఇక ఫోన్ మంచానికి దూరంగా పెట్టమనడం బెంగళూరు పీజీ వాస్తుశాస్త్రం మీదే దాడి. ముగ్గురుండే గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే, అదీ సరిగ్గా తల పక్కనే. దీనికీ విరుగుడు కనిపెట్టారు దుర్మార్గులు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లి గుమ్మం దగ్గర పెడుతున్నారు. ముగ్గురి ఫోన్లూ అక్కడే చార్జింగు. అలారానికి బ్యాటరీతో నడిచే బల్ల గడియారం. రూమ్మేటు నైట్ షిఫ్టయితే ట్యూబులైటు గొడవ లేకుండా కళ్లకు గంతలు. మొత్తం ఖర్చు జిమ్ములో ఒక నెల ఫీజంత కూడా లేదు, అందుకే దీనికి ఇన్‌ఫ్లుయెన్సర్లు దొరకటం లేదు.

ఆహార విషయంలో పతనం ఇంకా దారుణం. ప్రోటీన్ అనగానే నల్లటి డబ్బా గుర్తుకు రావాలి. అయితే హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ వైద్య పరిశోధన మండలి కలిసి ఇచ్చిన లెక్క ప్రకారం ఒంటి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 0.83 గ్రాములు చాలు. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. (బరువులెత్తేవాళ్లకు ఇంకాస్త కావాలి. వాళ్లెలాగూ ఎవరి మాటా వినరు.) ఇప్పుడు కుట్ర చూడండి. యాభై గ్రాముల కందిపప్పులో పదకొండు, రెండు గుడ్లలో పన్నెండు, పావుకిలోకు కాస్త తక్కువ పెరుగులో ఆరు, రెండు వందల గ్రాముల బియ్యంలో పదిహేను, గుప్పెడు వేరుశనగ గుళ్లలో ఏడు. కూడితే యాభై దాటుతోంది. ఇవన్నీ ఆంధ్రా మెస్సులోనూ వీధి చివర కిరాణా కొట్లోనూ దొరికేవే! ఒక్క చిక్కుంది. మెస్సులో పప్పు పేరుతో వడ్డించేది చాలాసార్లు పప్పుకట్టు, గరిటె ముంచితే అడుగు కనబడుతుంది. అలాంటి చోట గుడ్డూ పెరుగూ రెట్టింపు చేసుకుంటున్నారు జిత్తులమారులు. పళ్లెంలో సగం కూరగాయలూ పళ్లూ ఉండాలన్నది కూడా ఆ సంస్థ మాటే. మెస్సు కూర స్పూనుడే వేస్తాడు కాబట్టి, కర్రీ పాయింట్‌లో వేపుడు మాని బీరకాయో ఆనపకాయో ఒక ప్యాకెట్ అదనంగా తెచ్చుకుంటున్నారు. మూత తియ్యగానే పైన తేలే నూనెను వంచేస్తున్నారట కూడాను. నూనె పోసినవాడి మనసు ఎంత నొచ్చుకుంటుంది?

రాగుల సంగతి చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. దాంతో రాయలసీమ సంగటికీ కన్నడిగుల ముద్దెకూ పింగాణీ గిన్నె, పైన పుదీనా ఆకు ప్రాప్తించి, కెఫేల్లో గౌరవం పెరిగింది. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందన్న మాట నిజమే. కానీ దాన్ని గదిలో ఎవరికి వారు కాచుకుంటే కెఫే ఎలా నిలబడుతుంది? కాబట్టి రాగి జావ చెయ్యడం తెలియకుండా జాగ్రత్తపడాలి. పొరపాటున చెయ్యాల్సి వస్తే, రెండు పెద్ద చెంచాల పిండిని తిన్నగా మరిగే నీళ్లలో పొయ్యాలి. పైపొర చటుక్కున ఉడికి లోపలి పొడిపిండిని మూసేస్తుంది, గోలీకాయల్లాంటి ఉండలు కడతాయి, మళ్లీ జన్మలో ప్రయత్నించరు. అంతేగానీ ముందుగా పిండిని అరగ్లాసు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, విడిగా మరిగిస్తున్న గ్లాసున్నర నీళ్లలో ధారగా పోసి, సన్నసెగ మీద అయిదారు నిమిషాలు తిప్పుతూ, పచ్చివాసన పోయి మెరుపు వచ్చాక దించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు వేసుకోకూడదు. వేడి మీద మజ్జిగ పోస్తే విరుగుతుంది, ఆ అవకాశం వదులుకోవద్దు. ఎలక్ట్రిక్ కెటిల్లో కాస్తే ఇంకా శ్రేష్ఠం. అడుగంటి, మాడు వాసన కారిడారంతా పాకి, ఓనర్ ఆంటీ పైకి వచ్చి కెటిల్ పట్టుకుపోతుంది. సమస్య శాశ్వతంగా పరిష్కారం.

మిగిలింది సంతృప్తి. ఇది వీకెండులో మాత్రమే దొరుకుతుంది, అదీ ఊరి బయట. తెల్లవారుజామున మూడింటికి లేచి, నంది కొండ దారిలో కార్ల వరసలో సూర్యోదయాన్ని ముందు బండి వెనకద్దంలో దర్శించుకుని రావాలి. వారంలో మిగతా రోజుల్లో తోటివాళ్ల ప్రమోషన్ పోస్టుల కింద ‘కంగ్రాట్స్’ కొడుతూ, బాబాయ్ ఫోన్ చేసి ‘మీ ఫ్రెండుకి ప్యాకేజీ ఎంతరా?’ అని అడిగినప్పుడల్లా కుమిలిపోతూ గడపాలి. ఈ క్రమశిక్షణ తప్పినవాళ్లు ఆదివారం పూట కబ్బన్ పార్కుకు చేరుతున్నారు, ఆరోజు లోపలికి వాహనాలు రానివ్వరు గనక. లేదా హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్‌కు వెళ్లి, 240 ఎకరాలుండగా అక్కడున్న పెద్ద రాతిగుట్ట మీదే కూర్చుని పల్లీలు తింటున్నారు. ఆ రాయి వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. అన్నేళ్లలో ఒక్క లక్ష్యమూ పెట్టుకోలేదు, అప్రైజల్ లేదు, బోర్డు పెట్టి మరీ జాతీయ భూవిజ్ఞాన స్మారకమంటున్నారు. పిల్లలకు ఎలాంటి ఆదర్శమో గమనించండి. ఆపైన 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను మొదలై, ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకు సిల్క్ బోర్డు కింద గడిపే ధ్యాన సమయం కాస్తా పోయింది. మిగిలిన గంటతో షటిల్ ఆడుతున్నారని, వారం వారం అదే నలుగురు కలుస్తున్నారని, ఫోన్లో నోటిఫికేషన్లు ఆపేసి మరీ ఆడుతున్నారని సమాచారం. అలా కలుస్తూ పోతే స్నేహం కుదిరిపోతుంది. స్నేహం కుదిరినవాడు కౌన్సెలింగ్ యాప్ ప్రీమియం ప్లాను ఎందుకు కొంటాడు?

పరిస్థితి చెయ్యిదాటకముందే కంపెనీలు మేల్కోవడం కాస్త ఊరట. హెచ్ఆర్ విభాగాలు ఆరోగ్య వారోత్సవాలు ప్రకటిస్తున్నాయి. ‘పని, జీవితం, సంతులనం’ అనే అంశంపై శుక్రవారం సాయంత్రం ఏడింటికి వెబినార్. హాజరు తప్పనిసరి, కెమెరాలు ఆన్‌లో ఉండాలి. త్వరగా పడుకోవటం ఎలా అన్న రెండో భాగాన్ని, అమెరికా ఆఫీసు వాళ్ల సౌకర్యం దృష్ట్యా, రాత్రి పదకొండుకు మార్చారు. రాలేనివాళ్లు కారణం రాసి మేనేజరుకు మెయిల్ పెట్టి, రికార్డింగు ఆదివారం లోపు చూసి, చివర్లో ఇచ్చే ఇరవై ప్రశ్నల క్విజ్జులో ఎనభై శాతం తెచ్చుకోవాలి.