మాకరోనీ తప్పనిసరి

అమెరికాలో హక్కుల కోసం కోర్టుకెక్కితే ఎంతటివాడైనా దిగొస్తాడంటారు. నేనూ నమ్మేవాణ్ణి. మొన్న శనివారం శాన్ హోసేలో, గోళ్లకి రంగులేసే షాపుకీ డ్రైక్లీనింగ్ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక హవాయియన్ బార్బెక్యూ రెస్టారెంట్లో ఆ నమ్మకం కాస్తా పోయింది.

అక్కడ అమ్మేది ప్లేట్ లంచ్ అనే హవాయి భోజనం. ఐస్‌క్రీమ్ గరిటెతో బోర్లించిన రెండు స్కూపుల అన్నం, పక్కన మాంసం, ఆ పక్కన అదే గరిటెతో ఒక స్కూపు మాకరోనీ సలాడ్. మాకరోనీని పళ్లూడిన వాళ్లు కూడా నమలక్కర్లేనంత మెత్తగా ఉడికించి, చల్లార్చి, మయొనైజ్‌లో ముంచి, నాలుగు క్యారెట్ తురుము పోగులు వేస్తారు. ఆ నాలుగు పోగుల పుణ్యాన దానికి సలాడ్ హోదా దక్కింది. పొగలు కక్కే అన్నం పక్కన అది చల్లగా, తెల్లగా, పిలవని పేరంటానికి వచ్చినట్టు కూర్చుంటుంది.

మన పెళ్లి భోజనాల్లోనూ ఎవరూ తినని ఐటమ్ ఒకటి ఉంటుంది, కాదనను. కానీ వడ్డించేవాడు వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వాడు పక్క విస్తరికి వెళ్లిపోతాడు. చెయ్యి అడ్డం పెట్టడమనేది ఎంత గొప్ప నాగరికతో శనివారం దాకా నాకు తెలీలేదు.

మా మావయ్య గారు ఆరు నెలల వీసా మీద శ్రీకాకుళం నుంచి వచ్చారు. తహసీల్దారు ఆఫీసులో 34 ఏళ్లు చేసి రిటైరైన మనిషి. కౌంటర్ మీది బొమ్మలన్నీ ఫైలు చదివినట్టు చదివి, చికెన్ కట్సు (బ్రెడ్ పొడి అద్ది వేయించిన చికెన్) దగ్గర ఆగారు.

"అల్లుడు గారూ, ఆ తెల్లది మనకొద్దని చెప్పండి. దాని బదులు ఇంకో ముద్ద అన్నం పెట్టమనండి."

ఇంతకన్నా న్యాయమైన కోరిక ఉంటుందా? కౌంటర్లో అమ్మాయి చిరునవ్వు చెదరకుండా, మార్పులు కుదరవంది. కావాలంటే మాకరోనీ మానేస్తుందట. అన్నం మాత్రం ఎక్స్‌ట్రా, రెండున్నర డాలర్లు. నేను తర్జుమా చేశాను. మావయ్య గారు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

"వాళ్ల సరుకు వాళ్లకే మిగిల్చి, పైగా మనమే ఎదురు డబ్బులివ్వాలా?"

ఇది ఆయన తెలుగులోనే అడిగారు గానీ ఆ అమ్మాయికి అర్థమైంది, ఎందుకంటే వెళ్లి మేనేజర్ని పిలుచుకొచ్చింది. పూల చొక్కా వేసుకున్న ఆ కుర్రాడు చాలా మర్యాదస్తుడు. మాకరోనీ తీసేసి అన్నం వేయడానికి కంప్యూటర్లో బటన్ లేదన్నాడు. వెనక లైన్లో ఆరుగురు. నాకు చెమటలు. మావయ్య గారి ముఖంలో మాత్రం గౌరవం కనబడింది.

"ప్రొవిజన్ లేదంటున్నాడు, అంతే కదా," అన్నారు. 34 ఏళ్లు జనానికి ఆ మాట చెప్పిన మనిషి, కౌంటర్‌కి ఇవతల నిలబడి వినడం అదే మొదటిసారి. "అర్జీ పెట్టుకోవచ్చేమో కనుక్కోండి."

కనుక్కోలేదు. ప్లేటు 17 డాలర్ల 95 సెంట్లు, ఎక్స్‌ట్రా అన్నం రెండున్నర, ఆపైన ట్యాబ్లెట్ మా వైపు తిప్పి టిప్పు ఎంతని అడగడం. (టిప్పు గురించి ఇంకోసారి రాస్తాను. ఒకే వారంలో రెండుసార్లు బీపీ పెంచుకోలేను.) పావుగంటకి "ఫార్టీ సెవెన్" అని పిలిచారు. ఎక్స్‌ట్రా అన్నం వేరే డబ్బాలో వచ్చింది. ప్లేటులో రెండు స్కూపుల అన్నం, చికెన్, దాని పక్కన మాకరోనీ సలాడ్. వంటవాడికి చెయ్యి అలవాటు. బటన్ అక్కర్లేకుండా పని చేసేది అక్కడ ఆ చెయ్యి ఒక్కటే.

కూర్చున్నాం. ఒక గోడకి సర్ఫింగ్ బోర్డు, ప్లాస్టిక్ పూలదండలు. ఎదుటి గోడ నిండా నలుపు తెలుపు ఫోటో: చెరుకు తోట, టోపీలు పెట్టుకున్న కూలీలు. కింద వంకర అక్షరాలతో "ప్లాంటేషన్ స్టైల్ కంఫర్ట్ ఫుడ్". అంటే ఏంటని మావయ్య గారు అడిగారు. చెరుకు తోటల్లో కూలీలు తిన్న తిండండీ, అన్నాను. ఆయన చెయ్యి ఆగింది.

"మా తాత గారి తమ్ముడు కూలికని రంగం వెళ్లాడు. ఓడెక్కాడనే తెలుసు."

రంగమంటే బర్మాలోని రంగూన్. రంగమే కాదు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నటాల్, ఫిజీ చెరుకు తోటలకీ మన వాళ్లను ఓడలెక్కించారు. హవాయికి 1852లో చైనా వాళ్లను, 1885 నుంచి జపాన్ వాళ్లను, తర్వాత కొరియా, ఫిలిప్పీన్స్ వాళ్లను తెచ్చారు. ఒకే దేశం వాళ్లయితే ఏకమై సమ్మె చేస్తారని రకానికి కొందరు. మెళ్లో 'బాంగో' అని నంబరు బిళ్ల. దొరకి పేర్లు నోరు తిరగవు కాబట్టి మనిషికి ఆ నంబరే పేరు. ఒకే పనికి దేశాన్ని బట్టి కూలి: 1909లో జపాన్ వాళ్లు సమ్మెకి దిగే నాటికి వాళ్లకి నెలకి 18 డాలర్లు, అదే పని చేసే పోర్చుగీసు వాళ్లకి ఇరవై రెండున్నర. నెలంతా ఎండలో చెరుకు నరికితే 18 డాలర్లు! దాని పేరు కంఫర్టా? ఎవరికయ్యా కంఫర్టు?

ఆ కూలీలు మధ్యాహ్నం రెండంతస్తుల రేకు క్యారేజీలు విప్పేవారు. కింద అన్నం, పైన కూర. ఒకడి ఊరగాయ ఇంకొకడికి, ఇంకొకడి చేపముక్క వేరొకడికి. మాట కలవని వాళ్లు కూరలు మార్చుకుని తిన్నారు. కట్సు జపాన్‌ది, షార్ట్ రిబ్స్ అనే పక్కటెముకల మాంసం కొరియాది, అన్నీ ఒకే ప్లేటులోకి వచ్చింది అలాగే. మార్చుకోవడంలో పుట్టిన ప్లేటు ఇది. ఆ మనుషుల ఫోటో గోడకి తగిలించి, ఆ ఫోటో కిందే కూర్చోబెట్టి, మార్పులు కుదరవని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?

ఇంతకీ బోర్డు మీద హవాయి ఉంది గానీ, హవాయి వాళ్ల సొంత తిండి మాత్రం ఎక్కడా లేదు. దాని పేరు 'పోయి'. చామదుంపలు ఉడికించి దంచి చేస్తారు. వాళ్లకి అన్నమంటే అదే. చామదుంప మళ్లకి పారే వాగుల నీళ్లు చెరుక్కి మళ్లించారు. 1893లో చక్కెర ఆసాములూ వాళ్ల తోటివాళ్లూ కలిసి, అమెరికా సైనికులు ఒడ్డున దిగి ఉండగా, రాణి లిలియువొకలానీని గద్దె దింపారు. సరిగ్గా వందేళ్లకి, 1993లో, అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి సారీ చెప్పింది. రాజ్యం మాత్రం వాపసు రాలేదు. దానికీ బటన్ లేదేమో.

"చామదుంపలైతే పులుసు పెట్టొచ్చుగా," అన్నారు మావయ్య గారు, అంతా విని.

అన్నం పారేయడం ఆయన వంశంలో లేదు. మాకరోనీని డబ్బాలో పెట్టించి ఇంటికి తెచ్చారు. ఆదివారం పొద్దున్న అత్తయ్య గారు ఫ్రిజ్ తెరిచి, చప్పగా ఉందని, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి తాలింపు పెట్టారు. వేడి తగలగానే మయొనైజ్ విరిగి, నూనె ఒకవైపు, గుడ్డు తరకలు ఒకవైపు తేలి, ఇల్లంతా వెనిగర్ వాసన. ఆవిడ కంగారు పడలేదు. రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, చిటికెడు పసుపు చల్లి, మూకుడు పట్టుకుని టేబుల్ దగ్గరికొచ్చారు.

మావయ్య గారు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

ఆవిడ చెయ్యి పక్కనించి వేసేశారు.