ఒక డిగ్రీ కచ్చితత్వం బల్ల మీద, నడుము మీద కాదు

నడుముకు అతికించుకునే సెన్సర్ల గురించి ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. వీపు కింది భాగంలో ఒక్క బిళ్ల అతికించుకుంటే చాలునని, అది నడుము వంపును ఒక్క డిగ్రీ తేడాతో చెబుతుందని, ప్రయోగశాల కెమెరాల కొలతలతో దాని సహసంబంధం (రెండు కొలతలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సంఖ్య, గరిష్ఠం ఒకటి) దాదాపు ఒకటి కనుక ఎక్స్‌రేతో పనిలేదని, వంగినప్పుడల్లా హెచ్చరిస్తుంది కనుక నొప్పి దరిచేరదని దాని సారాంశం. ఒక్కో మాటనూ విడదీసి చూస్తే ఇందులో నిలిచేది తక్కువే.

ముందుగా ఆ ఒక్క డిగ్రీ సంగతి. బిళ్లలోని యాక్సెలరోమీటర్ గురుత్వాకర్షణ దిశను బట్టి తన వాలును తెలుసుకుంటుంది. కదలని బల్ల మీద పెట్టి, కోణమానినితో సరిచూస్తే ఒక డిగ్రీ తేడాతో చెప్పడం దానికి కష్టమేమీ కాదు. కానీ నడుము బల్ల కాదు. నిటారుగా నిలబడిన మనిషి నడుము కింద ఇరుపక్కలా కనిపించే సొట్టలను కలిపే గీతకు 10 సెంటీమీటర్ల పైన ఒకటి, 5 సెంటీమీటర్ల కింద ఒకటి పెన్నుతో చుక్కలు పెట్టి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనండి. ఆరోగ్యవంతుల్లో ఆ 15 సెంటీమీటర్ల దూరం సాధారణంగా 20 దాకా సాగుతుంది. వెన్ను వంగే తీరును అంచనా వేయడానికి వైద్యులు దశాబ్దాలుగా వాడుతున్న సవరించిన షోబర్ పరీక్ష ఇదే. ఇంతగా సాగే చర్మం మీద, దాని కింద కొవ్వు, ఉబికే కండరాల మీద కూర్చున్న బిళ్ల, లోపలి వెన్నుపూసతో పాటే కచ్చితంగా తిరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

‘ఒక్క బిళ్ల చాలు’ అన్నది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఒక్క బిళ్లకు తెలిసేది తానున్న చోటి వాలు మాత్రమే, నడుము వంపు కాదు. ఫోనులో కోణం చూపే యాప్ తెరిచి, పక్కటెముకలకు కొంచెం దిగువన వెన్నుకు ఆనించి పట్టుకోమని ఇంట్లో ఎవరినైనా అడగండి. కుర్చీలో కూర్చుని, వీపు నిటారుగానే ఉంచి తుంటి దగ్గర ముందుకు వాలండి. తర్వాత నడుమును గూనిగా వంచి కూలబడండి. రెండుసార్లూ తెర మీద ఒకే 20 డిగ్రీలు తెప్పించడం పెద్ద విద్యేమీ కాదు, వెన్నుకు మాత్రం అవి పూర్తిగా వేరు భంగిమలు. వంపు తెలియాలంటే నడుము పైభాగంలో మొదటి కటి వెన్నుపూస దగ్గర ఒకటి, కింద, వెన్ను అడుగున ఉండే త్రికాస్థి ఎముక మీద ఒకటి ఉంచి, రెండు వాలుల మధ్య తేడా తీయాలి. అప్పుడు కూడా వేళ్లతో తడిమి వెన్నుపూసను గుర్తించడంలో ఒక పూస అటూ ఇటూ కావడం అనుభవజ్ఞులైన ఫిజియోథెరపిస్టులకూ జరిగేదే. వంపు తిరిగిన వెన్ను మీద బిళ్ల ఒక పూస జరిగితే కోణమూ మారుతుంది.

ఇక సహసంబంధం. అసలు కోణాలు 10, 20, 30, 40 అయినప్పుడు సెన్సర్ 18, 28, 38, 48 అని చూపిందనుకుందాం. సహసంబంధ గుణకం సరిగ్గా 1 వస్తుంది, ప్రతి కొలతా 8 డిగ్రీలు తప్పే. రెండు కొలత పద్ధతులు ఏకీభవిస్తున్నాయా అనేదానికి సహసంబంధం జవాబు కాదని గణాంక నిపుణులు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వివరించారు. చూడవలసింది తేడాల సగటు, దానికి ఇరువైపులా, ఆ తేడాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనానికి 1.96 రెట్లు. ఆ విచలనం 4 డిగ్రీలైతే హద్దులు ఇటు 8, అటు 8, అంటే దాదాపు 16 డిగ్రీల పట్టీ. పైగా ప్రయోగశాల కెమెరాలు చూసే గుర్తులను అంటించేదీ ఆ చర్మానికే. ఒకే కాపీ చూసి రాసిన ఇద్దరి జవాబులు కలిశాయని ఆ జవాబు ఒప్పైపోదు కదా! ఎముకల కోణాన్ని నేరుగా చూపేది ఎక్స్‌రే. రేడియేషన్ వల్ల దాన్ని మాటిమాటికీ తీయలేము, కెమెరాల మీద ఆధారపడటానికి అదీ ఒక కారణమే.

నడుము పక్కకు తిప్పడాన్ని కొలవడంలో ఈ పరికరాలు మరీ బలహీనం. నిలువు అక్షం చుట్టూ తిరిగితే గురుత్వాకర్షణ దిశ మారదు కనుక యాక్సెలరోమీటర్‌కు ఆ మలుపు తెలియదు. తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్ లెక్కలో చిన్న తప్పులు క్షణక్షణానికీ పోగుపడతాయి. దిక్సూచిలా భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిశ చెప్పే మాగ్నెటోమీటర్‌ను దగ్గరలోని ఇనుప కుర్చీయే దారి తప్పించగలదు.

నొప్పి మాటకొస్తే, అందరికీ వర్తించే ఒకే ‘సరైన భంగిమ’ మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కోణం తెలిసినంత మాత్రాన నొప్పి ఆగదు.

ఇంతమాత్రాన ఇవి పనికిరావని కాదు. రెండు బిళ్లల పరికరం ముందుకూ వెనక్కూ వంగే కదలికను ఉపయోగపడేంత బాగానే పట్టుకుంటుంది, మనిషి కదలకుండా ఎంతసేపు కూర్చున్నాడో లెక్కపెట్టడానికి డిగ్రీల కచ్చితత్వం అక్కరే లేదు. మీ దగ్గర ఇప్పటికే ఒకటి ఉంటే, గోడకు ఆని నిలబడి సంఖ్య రాసుకోండి. బిళ్ల ఊడదీసి, మళ్లీ అతికించి, అలాగే నిలబడి ఇంకోసారి చూడండి. ఇలా ఐదారుసార్లు చేస్తే సంఖ్య ఎంత అటూ ఇటూ ఊగుతుందో, ఆ పరికరం రేపు చూపే మార్పు అంతకు మించితేనే లెక్కలోకి తీసుకోండి.